వరంగల్‌లో బస్సెక్కేదెవరు, బండి తీసేదెవరు? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హన్మకొండలో వడ్డేపల్లి. డ్యూటీ వరంగల్ పోచమ్మ మైదాన్ అవతల. పోను ఏడు, రాను ఏడు, రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు. వారంలో మూడు రోజులు బస్సు, చలికాలమైతే ఒకట్రెండు రోజులు సైకిల్, లేటుగా లేచిన రోజు మాత్రం బండి. ఇది చూసి చుట్టాలు, తోటి ఉద్యోగులు, బస్సులో పక్కన నిలబడ్డవాళ్లు ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నలివి. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

పర్యావరణానికి తక్కువ హాని చేస్తూ రోజూ తిరిగేవాళ్లు మన ఊళ్లో అసలు ఉన్నారా?

బోలెడంతమంది ఉన్నారు. పొద్దున ఆరింటికి హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగుతూ ఓ అరగంట నిలబడి చూడండి. ఇళ్లలో పని చేసే అక్కలు ఇద్దరు ముగ్గురు కలిసి ముచ్చట పెట్టుకుంటూ నడిచి పోతుంటారు. పేపర్ వేసే పిల్లలు, పాల ప్యాకెట్ల సంచి హ్యాండిల్‌కు తగిలించుకున్నవాళ్లు సైకిళ్ల మీద వస్తారు. కూలి అడ్డాకు వచ్చేవాళ్లు టిఫిన్ డబ్బాలతో మొదటి బస్సు దిగుతారు. ఏడు దాటాక కాలేజీ పిల్లలు. తొమ్మిది తర్వాత కార్లు మొదలవుతాయి. ఇక అప్పటినుంచి రోడ్డు మీద కార్లు, వాటి హారన్లే తెలుస్తాయి, మిగతావాళ్లు ఎటు పోయారో తెలియదు.

2011 జనాభా లెక్కల్లో ఒక ప్రశ్న అడిగారు: పనికి ఎంత దూరం పోతారు, దేని మీద పోతారు అని. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా వేరే పనులు చేసేవాళ్లను అడిగిన ప్రశ్న అది. దేశం మొత్తం మీద బయటికి వెళ్లి పనిచేసేవాళ్లలో నడిచి పోయేవాళ్లే అందరికన్నా ఎక్కువ. తర్వాత సైకిల్, దాని వెనకే బండి. కారులో పోయేవాళ్లు నూటికి నలుగురు కూడా లేరు. అప్పటికీ ఇప్పటికీ బండ్లు ఎంత పెరిగాయో మన సందుల్లో పార్కింగ్ చూస్తేనే తెలుస్తుంది. అయినా నడిచేవాళ్లు, బస్సెక్కేవాళ్లు ఇంకా తక్కువేమీ లేరు. వాళ్లలో ఎవరినైనా ఆపి "పర్యావరణం కోసమా?" అని అడిగితే మాత్రం మనల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూస్తారు.

వేరే దారి లేక నడిచేవాళ్లను "ఎంచుకున్నారు" అని ఎట్లా అంటారు?

అనలేం. నేనూ అనను.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మడికొండ నుంచి పదేళ్లు సైకిల్ మీద వచ్చాడు. రెండేళ్ల కింద కొడుక్కు ఉద్యోగం వచ్చింది. ఫైనాన్స్‌లో బండి తీసుకొని తండ్రికి ఇచ్చాడు. ఇప్పుడు ఆ సైకిల్ మెట్ల కింద, చైన్ తుప్పు పట్టి, సీటు మీద పిల్లి పడుకొని ఉంది. "ఇప్పుడు మంచిగుంది సార్, మోకాళ్లు నొస్తలేవు" అన్నాడు. ఆయనకు కార్బన్ డయాక్సైడ్ గురించి చెప్పే ముఖం నాకు లేదు. పదేళ్లు ఆయన వదలని పొగ నేను వదిలాను.

అందుకే ఎవరు ఎంచుకుంటున్నారో తెలియాలంటే చేతిలో డబ్బు ఉన్నవాళ్లను చూడాలి. బండి కొనగలిగి కొననివాళ్లు, కొని కూడా ఇంట్లో పెట్టి బస్సెక్కేవాళ్లు. వీళ్లు తక్కువ. కానీ ఉన్నారు. నాకు తెలిసినంతలో వీళ్లలో ఎక్కువమంది రిటైరైన టీచర్లు, కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లు, ఇల్లు బస్‌స్టాప్‌కు రెండు నిమిషాల దూరంలో ఉన్నవాళ్లు, ట్రాఫిక్‌లో నడపడమంటే టెన్షన్ పడేవాళ్లు. చివరి రకంలో మా బావగారు ఒకరు. కారు ఉంది, డ్రైవింగ్ వచ్చు. అయినా అండర్‌బ్రిడ్జి దగ్గర రివర్స్ చేయాల్సి వస్తుందేమోనన్న భయంతో ఎటు పోవాలన్నా బస్సే. భూమికి మాత్రం ఆయన వల్ల మేలే జరుగుతోంది.

బండికీ, కారుకీ, బస్సుకీ నిజంగా అంత తేడా ఉందా? లెక్క చెప్పండి.

కాగితం మీద వేసి చూద్దాం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. డీజిల్‌కైతే దాదాపు 2.7 కిలోలు. లీటరు బరువు కిలో కూడా ఉండదు కదా, రెండు కిలోలు ఎక్కడినుంచి వస్తాయని చాలామంది అడుగుతారు. ఇంధనంలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, ఆ బరువు కూడా చేరుతుంది.

నా లెక్క: రోజుకు 14 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, అంటే 364 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇస్తే ఎనిమిది లీటర్లు, 18, 19 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఊళ్లో 12 ఇచ్చే కారైతే 30 లీటర్లు, దాదాపు 70 కిలోలు. లీటరు 107 రూపాయలనుకుంటే కారుకు నెలకు మూడు వేల రెండొందలు పైనే, బండికి తొమ్మిది వందల లోపు.

డీజిల్ బస్సు లీటరుకు ఐదు కిలోమీటర్లు పోతుందనుకుంటే కిలోమీటరుకు అర కిలో పైన వదులుతుంది. వినడానికి భయంగా ఉంటుంది. కానీ అందులో యాభై మంది ఉంటే మనిషికి పది, పదకొండు గ్రాములే. నెల మొత్తానికి నా వాటా నాలుగు కిలోల లోపు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అదే బస్సు పదిమందితో పోతే మనిషికి 54 గ్రాములు పడుతుంది. అంటే ఒక్కడే కూర్చొని పోయే బండి కంటే కొంచెం ఎక్కువే. ఇద్దరు కలిసి పోయే బండి, ఇరవై మంది ఉన్న బస్సు ఇంచుమించు సమానం. కాబట్టి బస్సు ఖాళీగా పోతే దాని గొప్పేమీ లేదు. కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి తిట్టుకునేటప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకుంటాను, పెద్దగా ఊరట ఏమీ ఉండదు.

షేర్ ఆటో కూడా మంచిదేనా?

నిండా ఎక్కితే మంచిదే, మనిషి లెక్కన బండి కంటే తక్కువ పొగ. కానీ ముసలి డీజిల్ ఆటో వదిలే నల్లపొగ వేరే సంగతి. అది భూమిని వేడెక్కించే లెక్క కన్నా ముందు వెనక బండి మీద వచ్చేవాడి ఊపిరితిత్తుల లెక్క.

మహాలక్ష్మి ఫ్రీ బస్సు వచ్చాక ఏమైనా మారిందా?

మన ఊళ్లో గత పదేళ్లలో రోడ్డు మీద వచ్చిన పెద్ద మార్పు ఇదే. 2023 డిసెంబర్ 9న మొదలైంది. ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొడతాడు. 2025 జులైకి రాష్ట్రంలో ఇట్లాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయి.

మా ఇంటిదాన్ని చూసే చెప్తున్నా. అంతకుముందు వాళ్ల అక్క వాళ్లింటికి జనగామ పోవాలంటే నేను బండి తీయాలి, లేకపోతే పోవడం మానేయాలి. ఎక్కువసార్లు మానేసేది. ఇప్పుడు బుధవారం పొద్దున చెప్పకుండానే బయల్దేరి సాయంత్రానికి వచ్చేస్తుంది. "నువ్వు ఎప్పుడు ఖాళీ అయితవని ఎదురుచూసేడిది పోయింది" అంటుంది.

పర్యావరణం లెక్కలోకి వస్తే మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. ఫ్రీ బస్సెక్కే మనిషి అంతకుముందు ఎట్లా పోయేదన్నదే అసలు ప్రశ్న. మొగుడి బండి వెనక కూర్చొని పోయేదైతే పెట్రోలు మిగిలినట్టు. షేర్ ఆటో వదిలి వస్తే కొంచెం మిగిలినట్టు. నడిచి పోయేదైతే మిగిలిందేమీ లేదు. అసలు పోకుండా ఉండిపోయేదైతే ఇది కొత్త ప్రయాణం. ఎస్తోనియా రాజధాని తాల్లిన్‌లో 2013లో ఊరివాళ్లందరికీ బస్సులు, ట్రామ్‌లు ఫ్రీ చేశారు. తర్వాత పరిశోధకులు చూస్తే కారు వదిలి వచ్చినవాళ్లు కొద్దిమందే, నడక వదిలి ఎక్కినవాళ్లే ఎక్కువ. మన దగ్గరా కొంత అట్లాగే జరిగి ఉంటుంది. కారున్న ఇంటి ఆడవాళ్లు జీరో టికెట్ కోసం కారు దిగి వచ్చారని నేను అనుకోను.

అట్లాగని ఈ పథకం దండగ అని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఎంజీఎం ఆస్పత్రికి ములుగు నుంచి, మహబూబాబాద్ నుంచి తల్లిని చూపించడానికి వచ్చే ఆడబిడ్డను పొగ లెక్కతో కొలవడం నాకు నచ్చదు. ఆటోవాళ్ల గిరాకీ పోయింది, వాళ్లు రోడ్డెక్కి ధర్నాలు చేశారు, అదీ నిజమే. ఇంకోటి కూడా నిజం. ఒకసారి బస్సుకు అలవాటు పడ్డ ఇల్లు స్కూటీ కొనే ముందు ఒక ఏడాది ఆగి ఆలోచిస్తుంది. మా గల్లీలోనే రెండు ఇళ్లలో ఇది చూశాను.

మరి మగవాళ్లు ఎందుకు ఎక్కడం లేదు?

టికెట్ పెట్టాలి, సీటు దొరకదు, రెండూ నిజమే. నాకైతే మూడోది పెద్దదనిపిస్తుంది: పరువు. నేను ఆఫీసుకు నడిచి పోతుంటే ఎదురైన ప్రతివాడూ ఒకే మాట అడుగుతాడు. "ఏం సార్, బండి కరాబైందా?" కాలేదు, ఊరికే నడుస్తున్నా అంటే నమ్మరు. షుగర్ వచ్చిందని చెప్తే మాత్రం వెంటనే నమ్మి, ఏ డాక్టర్ దగ్గర చూపించుకోవాలో చెప్తారు.

సంబంధం మాట్లాడేటప్పుడు చూడండి. పిల్లగాడు ఏం చేస్తాడు, సొంతిల్లా, కిరాయా, తర్వాత కారుందా. "బస్సులో పోయి వస్తడు, మంచి అలవాట్లున్నయ్" అని పెళ్లిళ్ల పేరయ్య చెప్పడం నేనెప్పుడూ వినలేదు. పెట్టుపోతల్లో బండి ఇవ్వడం మన జిల్లాల్లో ఇంకా పోలేదు. అట్లా ఇచ్చిన బండిని ఇంట్లో పెట్టి అల్లుడు బస్సెక్కితే అత్తగారు ఊరుకుంటుందా?

పెద్ద పట్నాల్లో పార్కింగ్ బాధ మగవాళ్లను కూడా మెట్రో ఎక్కిస్తుంది. మనది మధ్యరకం ఊరు. బండి ఎక్కడైనా ఆపుకోవచ్చు, ఏ షాపు ముందైనా సైడ్ స్టాండ్ వేయొచ్చు. ఈ సుఖం ఉన్నంతకాలం మగవాళ్లు బండి దిగరు.

పర్యావరణం మీద శ్రద్ధ ఉన్నవాళ్లే కదా సైకిల్ తొక్కేది?

శ్రద్ధ ఉండటం వేరు, తొక్కడం వేరు. ఆదివారం పొద్దున భద్రకాళి బండ్ వైపు పోతే హెల్మెట్లు, చేతి గ్లౌజులు, ముప్పై వేల సైకిళ్లతో వచ్చినవాళ్లు కనిపిస్తారు. డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులు. వాళ్ల ఆరోగ్యానికి మంచిదే, సంతోషం. కొందరు ఆ సైకిల్‌ను కారు వెనక కట్టుకొని తెస్తారు. సోమవారం క్లినిక్‌కు అదే కారు. జూన్ 5న, పర్యావరణ దినోత్సవం రోజు, మొక్కలు నాటే మీటింగుకు ఎన్ని కార్లు వస్తాయో కూడా ఒకసారి లెక్కపెట్టండి.

వాళ్లను వెక్కిరించడానికి చెప్పడం లేదు, ఆ మీటింగులకు నేనూ పోయాను. దీని మీద పరిశోధన చేసినవాళ్లు చాలా దేశాల్లో గమనించింది కూడా ఇంతే. పర్యావరణం గురించి మనిషి ఏమనుకుంటాడో తెలిస్తే అతను రోజూ ఎట్లా ప్రయాణిస్తాడో చెప్పలేం. ఇంటికీ పనికీ దూరం ఎంత, స్టాప్ ఎక్కడ, బండి ఉందా లేదా, నిన్న ఎట్లా పోయాడు, ఇవి తెలిస్తే చాలావరకు చెప్పేయొచ్చు. అలవాటు బలం అది. పొద్దున తాళంచెవి చేతిలోకి వచ్చేసరికి ఆలోచన అయిపోయి ఉంటుంది.

స్టూడెంట్లు?

వీళ్లే మన ఊరి బస్సులకు ఊపిరి. కాకతీయ యూనివర్సిటీ, నయీంనగర్, భీమారం వైపు కాలేజీలన్నీ బస్‌పాస్‌ల మీదే నడుస్తాయి. 1959 నుంచి ఉన్న నిట్ క్యాంపస్‌లో హాస్టల్ నుంచి క్లాసుకు సైకిల్ తొక్కే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. చెట్ల నీడ ఉంది, లారీలు లేవు, సైకిల్ పెట్టడానికి చోటు ఉంది. అదే పిల్లవాడు గేటు దాటి కాజీపేట రోడ్డు మీదికి వస్తే తొక్కడు. పిల్లవాడు అతనే, రోడ్డు మారింది.

ఆడపిల్లల సంగతి వేరు. మా అమ్మాయి ఇంటర్‌లో బస్సే. కోచింగ్ రాత్రి ఎనిమిదిన్నర దాకా పెట్టిన రోజునుంచి స్కూటీ అడిగింది. స్టాప్‌లో లైటు లేదు, బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు, వాళ్లమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంటుంది. నెల తిరిగేలోపు కొనిచ్చాను. పర్యావరణం గురించి ఇంత రాస్తున్న నేనే. రాత్రి తొమ్మిది దాకా పావుగంటకొక బస్సు, స్టాప్‌లో ఒక వీధిదీపం ఉండి ఉంటే ఆ స్కూటీ మా ఇంటికి వచ్చేది కాదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటే సరిపోతుంది కదా?

మేలే, కానీ పూర్తిగా పొగ లేనిది కాదు. ఎలక్ట్రిక్ స్కూటర్ వంద కిలోమీటర్లకు మూడు యూనిట్ల కరెంటు తింటుందనుకోండి. మన దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల పైన కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఎక్కువ భాగం బొగ్గు కాబట్టి. అంటే కిలోమీటరుకు 21, 22 గ్రాములు. పెట్రోలు బండిలో సగం కన్నా తక్కువ, నిండు బస్సుకు రెట్టింపు.

ఈ పొగ ఎక్కడో వేరే దేశంలో లేదు. భూపాలపల్లి పక్కన చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ప్లాంట్ ఉంది, దాంట్లో కాలేది బొగ్గే. హన్మకొండలో రాత్రి చార్జింగ్ పెట్టినప్పుడు చెల్పూరు చిమ్నీ కొంచెం ఎక్కువ ఊదుతుంది. మరోవైపు రామగుండం ఎన్‌టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. అట్లాంటివి పెరిగేకొద్దీ మీరు ఇప్పుడు కొన్న స్కూటరే ఏటేటా ఇంకొంచెం శుభ్రమవుతుంది. పెట్రోలు బండికి ఆ అవకాశం లేదు.

కొనాలనుకుంటే, ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో జీవో ఇచ్చింది, 2026 డిసెంబర్ 31 దాకా. అపార్ట్‌మెంట్‌లో ఉంటే కొనే ముందు చార్జింగ్ ప్లగ్గు ఎక్కడ పెట్టాలో అసోసియేషన్‌తో తేల్చుకోండి. మా దగ్గర ఈ ఒక్క విషయం మీద మూడు మీటింగులైనాయి, రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. ఆర్టీసీ కూడా కరీంనగర్‌లో 2024లో, వరంగల్‌లో 2025 మొదట్లో ఎలక్ట్రిక్ బస్సులు దింపింది. నాకైతే స్కూటర్ కన్నా ఇవే ఎక్కువ ఆశ పుట్టిస్తున్నాయి. మొదటిసారి ఎక్కినప్పుడు చప్పుడు లేక ఇంజన్ ఆగిపోయిందనుకున్నాను.

రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయి వచ్చేవాళ్లు ఈ లెక్కలోకి వస్తారా?

అందరికన్నా ముందు వాళ్లే రావాలి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. రైల్వే సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి మన ఊరు సరిగ్గా ఆ గీత లోపల పడింది. ఆ ఒక్క నియమం మీద వందల కుటుంబాలు హైదరాబాద్‌కు మారకుండా ఇక్కడే ఉండిపోయాయి. పొద్దున చీకటితో లేచి, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే బతుకు. కంపార్ట్‌మెంట్లో పేకాట బ్యాచ్, భజన బ్యాచ్, నిద్ర బ్యాచ్ వేరువేరు. కాకతీయ, శాతవాహన, గోల్కొండ, భాగ్యనగర్ అని రైళ్ల పేర్లు చుట్టాల పేర్లలా పలుకుతారు.

ఇదే దూరం కారులో ఒక్కడే పోయి వస్తే రోజుకు పదిహేను, పదహారు లీటర్ల పెట్రోలు. మనిషికి అయ్యే ఇంధనం రైల్లో దాంట్లో చిన్న ముక్క. పైగా ఈ లైను కరెంటుది. కానీ వాళ్లు రైలెక్కేది ఖర్చు తక్కువని. ఖర్చు తక్కువైన దారే పొగ తక్కువైన దారి కూడా కావడం వల్ల ఇక్కడ ఎవరికీ ఉపదేశం అవసరం రాలేదు.

పల్లెల నుంచి వచ్చేవాళ్లు?

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చే రైతు ట్రాలీ ఆటోలో నలుగురితో కలిసి వస్తాడు, పోయేటప్పుడు పల్లెవెలుగు. ఊరికి రోజుకు రెండే ట్రిప్పులున్న చోట బస్సు తప్పితే ఆ రోజు పోయినట్టే. అందుకే పల్లెల్లో బండి పట్నం కంటే ముందే వచ్చింది. వాళ్లను బస్సెక్కమని చెప్పేముందు బస్సు పంపాలి.

ఈ ఎండల్లో సైకిలా? మీకు సాధ్యమైంది, మాకు కాదు.

నాకూ మే నెలలో సాధ్యం కాదు. 43, 44 డిగ్రీల్లో మధ్యాహ్నం తొక్కమని ఎవరికీ చెప్పను, వడదెబ్బ ఆటలు కాదు. కానీ మన ఏడాదిలో మార్చి నెలాఖరు నుంచి జూన్ వానలు పడేదాకానే నిజంగా కష్టం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున ఎనిమిదికి తొక్కితే చెమట కూడా పట్టదు. ఐదు కిలోమీటర్ల లోపు పనికి సైకిల్, బండి కన్నా ఆరేడు నిమిషాలే ఎక్కువ తీసుకుంటుంది. సుబేదారి నుంచి నక్కలగుట్టకు, కాశిబుగ్గ నుంచి వరంగల్ చౌరస్తాకు బండి స్టార్ట్ చేయాల్సిన పని లేదు.

ఎండ కన్నా నన్ను ఆపేవి వేరే ఉన్నాయి. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద వెనక లారీ హారన్ కొడితే పక్కకు జరగడానికి చోటు ఉండదు. సైకిల్ పెట్టడానికి భద్రమైన స్థలం లేదు. కిందటేడు ఒక పెద్ద షాపింగ్ కాంప్లెక్స్‌కు పోతే సెక్యూరిటీ అతను సైకిల్‌ను పార్కింగ్‌లోకి రానివ్వలేదు. "బయట పెట్టుండ్రి సార్, దీనికి టోకెన్ లేదు" అన్నాడు. బయట పెట్టాను. అరగంటలో వచ్చేసరికి లేదు. ఏడు వేల సైకిల్. పోలీస్ స్టేషన్లో చెప్తే రాసుకున్నారు, బిల్లు ఉందా అని అడిగారు, ఏడేళ్ల కింద కొన్నదానికి బిల్లు ఎక్కడిది? ఇప్పుడున్నది సెకండ్ హ్యాండ్, రెండు తాళాలతో తిరుగుతుంది.

నెదర్లాండ్స్ వాళ్లను చూసి నేర్చుకోవాలని అంటుంటారు. అక్కడా 1970ల మొదట్లో కార్లే రాజ్యమేలాయి. రోడ్డు ప్రమాదాల్లో పిల్లలు చనిపోతుంటే తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి కొట్లాడారు. 1973లో పెట్రోలు సంక్షోభం తోడైంది. ఆ తర్వాతే సైకిల్ దారులు వచ్చాయి. సైకిల్ తొక్కేవాళ్లు అక్కడ పుట్టుకతో మంచివాళ్లేమీ కాదు.

మనుషులు అలవాటు ఎప్పుడు మార్చుకుంటారు?

మామూలు రోజుల్లో మార్చుకోరు. ఇల్లు మారినప్పుడు, ఉద్యోగం మారినప్పుడు, పిల్లల స్కూలు మారినప్పుడు, బండి పోయినప్పుడు. అప్పుడు పాత దారి తెగిపోయి, కొత్తది ఆలోచించాల్సి వస్తుంది. నేను బస్సుకు మారింది కూడా అట్లాగే. 2019లో చెయ్యి విరిగి రెండు నెలలు బండి నడపలేకపోయాను. తప్పక బస్సెక్కాను. కట్టు విప్పేసరికి డ్రైవర్లు, కండక్టర్లు, పొద్దున తొమ్మిదీ పదికి వచ్చే బస్సులో రోజూ కలిసే నలుగురు పరిచయమైపోయారు.

దీనివల్ల నాకు అర్థమైంది ఒకటుంది. ప్లాటు కొన్న రోజే మన ప్రయాణం ఖాయమైపోతుంది. 1934లో ఆజంజాహి మిల్లు పెట్టినప్పుడు దాని చుట్టూ ఇళ్లు లేచాయి. మిల్లు కూత వినిపించేంత దూరంలో కార్మికులు, ఆ కూతకు రోడ్ల మీద సైకిళ్లే సైకిళ్లని పెద్దవాళ్లు చెప్తారు. ఇప్పుడు ఉద్యోగం హన్మకొండలో, ప్లాటు రింగురోడ్డు పక్కన. ధర తక్కువ, గాలి బాగుంది, రియల్ ఎస్టేట్ వాళ్లు భోజనం పెట్టి మరీ చూపించారు. మంచిదే. కానీ అక్కడికి బస్సు లేదు. మొదట ఒక బండి, తర్వాత భార్యకు స్కూటీ, పిల్లల కోసం కారు, మూడేళ్లలో మూడు వాహనాలు. ప్లాటు ధరలో మిగిలిన డబ్బు పెట్రోలు బంకులో దిగిపోతుంది. ప్లాటు చూడటానికి పోతే ఒక పని చేయండి: కారులో పోవద్దు, ఎట్లాగోలా బస్సులో పోయి రండి. ఆ ఒక్క ప్రయాణం బ్రోషర్ కన్నా ఎక్కువ చెప్తుంది.

మేడారం జాతరకు కోటి మంది పోతారు, అప్పుడు బస్సెక్కుతారు కదా?

ఎక్కుతారు! ఏడాదంతా బస్సు ముఖం చూడని మా ఆఫీసు సార్లు కూడా పిల్లాపాపలతో ఆర్టీసీ క్యూలో నిలబడతారు. కారణం భక్తి ఒక్కటే కాదు. ఆర్టీసీ వేల బస్సులు తిప్పుతుంది, గద్దెల దగ్గరి దాకా బస్సు పోతుంది, కారు మాత్రం దూరంగా పార్కింగ్‌లో ఆగిపోతుంది, అక్కడినుంచి నడవాలి. బస్సు సుఖం, కారు కష్టం అయిన నాలుగు రోజులవి. రెండేళ్లకోసారి మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఈ ప్రయోగం జరుగుతుంది, ప్రతిసారీ గెలుస్తుంది.

నేను కారు అమ్మేయాలా?

అక్కర్లేదు. ముసలి అత్తమ్మను ఆస్పత్రికి తీసుకుపోవాలి, రాత్రి పెళ్లిళ్లున్నాయి. పాలప్యాకెట్‌కు తీయకండి, అది చాలు.

మరి మీరు ఇవాళ ఎట్లా పోయారు?

బండి మీద. రాత్రి ఇది రాస్తూ కూర్చొని పొద్దున లేవలేదు. రేపు ఎనిమిదీ ఇరవై బస్సు.